ఒక మూర పెట్టె

ఒళ్ళో పెట్టె ఎటు తిప్పి పెట్టుకున్నా కుదురుకోవడం లేదు. బరువేం లేదు, తేలిక కర్ర, చెంపకి ఆనించుకున్నా గుచ్చుకోనంత నున్నగా చిత్రిక పట్టాడు అన్నయ్య, మేకు అన్నది లేకుండా మూలలు ఒకదాని పళ్ళలో ఒకటి దించి బిగించాడు, కానీ పొడవెక్కువ, వెడల్పు తక్కువ, అడ్డంగా పెడితే వచ్చేపోయేవాళ్ళకి తగులుతోంది, నిలువుగా పెడితే గడ్డం కిందికి వస్తోంది. ఎదుటి బెంచీ మీది పెద్దాయన ఇందాకట్నుంచీ దాన్నే చూసి చూసి, వయొలినా అమ్మా అని అడిగాడు. మా అన్నయ్యదండీ, అంది ఆమె. అడిగినదానికీ చెప్పినదానికీ పొంతన లేదని ఇద్దరికీ తెలిసింది, ఆయన మర్యాదగా తల పంకించి పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఏమని చెప్పాలి? ఆ తలుపుల వెనక మా అన్నయ్య కుడిచెయ్యి మోచేతి దగ్గర తీసేస్తున్నారండీ, తీశాక దాన్ని పెట్టడానికండీ, ఈ పెట్టె ఆ చేత్తోనే చేసుకున్నాడండీ, అని చెప్పాలా? చెబితే ఆయన బెంచీ మారతాడు. గంట పడుతుందన్నాడు డాక్టరు, అటూ ఇటూగా. పక్కన వదిన కళ్ళు మూసుకుని కూర్చుంది. ఆమె ప్రార్థనలో ఉందో నిద్రలో ఉందో పెళ్ళయినప్పట్నుంచీ ఎవరికీ తెలియదు, రెండూ ఒకే భంగిమలో చేస్తుంది, పెదవులు కదిలితే ప్రార్థన, కదలకపోతే నిద్ర. ఇప్పుడు కదులుతున్నాయి.

పెట్టె ఎందుకంటే, కడబూర మోగిన రోజున సమాధులు తెరుచుకుంటాయి కనక. అన్నయ్యకి అందులో అనుమానం లేదు. చచ్చినవాళ్ళు లేస్తారు, ఏ ఒంటితో పడుకున్నారో ఆ ఒంటితోనే లేస్తారు, అప్పుడు అందరూ పైకి పోతుంటే తను ఆస్పత్రి చెత్తకుండీల్లో చెయ్యి వెతుక్కుంటూ తిరగలేనన్నాడు. అందుకని చేతిని ముందుగా అమ్మ సమాధి పక్కన, తనకోసం ఉంచుకున్న జాగాలో పెట్టించాలి, తర్వాత తీరిగ్గా తను వెళ్ళి కలుస్తాడు. ఇది చెప్పేటప్పుడు నవ్వలేదు, ఏడవలేదు, తలుపుకి గడియ ఎక్కడ వేయాలో చెప్పినట్టు చెప్పాడు. మామూలు రోజుల్లో అయితే ఆమె వదిలేది కాదు. సముద్రంలో పోయినవాళ్ళ సంగతేంటి అన్నయ్యా, కాలి బూడిదైనవాళ్ళ మాటేంటి, అని ఫోను వేడెక్కేదాకా లాగేది. పాస్టర్లని తయారుచేసే కళాశాలలో ఆమె పని అదే, గ్రంథాన్ని ఎలా చదవాలో నేర్పడం. ఏది జరిగింది, ఏది పాట, ఏది పోలిక, ఏది కడుపు మండి పెంచి చెప్పిన మాట. సృష్టి జరిగిన ఆరు రోజులంటే సోమ మంగళ బుధ కాదనీ, మనిషిని మింగిన చేపని సముద్రంలో వెతకొద్దనీ చెప్పీ చెప్పీ జుట్టు నెరిసింది. అన్నయ్య వడ్రంగి. రాసి ఉన్నది రాసి ఉన్నట్టే. కొలత రాసిచ్చాక నాకు తోచినట్టు తలుపు చేసుకొస్తే ఎవడైనా బిగించుకుంటాడా అంటాడు. మీ కళాశాలలో దేవుణ్ణి మాట పూర్తి చేయనివ్వరు, మధ్యలోనే అందుకుని ఆయన ఉద్దేశం అది కాదండీ అంటారు, అంటాడు. ఆ పోట్లాట లేకపోతే ఇద్దరికీ ఆదివారం ఆదివారంలా ఉండేది కాదు.

మణికట్టు మీద గడ్డ లేచినప్పుడు రంపం పట్టీ పట్టీ వాచిందనుకున్నాడు. వేడి నీళ్ళ కాపడం, ఏదో తైలం, వదిన పోరు పడలేక చివరికి ఆస్పత్రి. ముక్క తీసి పరీక్ష చేసి, చెయ్యి పోతే మనిషి దక్కుతాడు, చేతిని చూసుకుంటూ కూర్చుంటే రెండూ దక్కవు అని తేల్చేశాడు డాక్టరు. అన్నయ్య తీయించనన్నాడు. సంఘం పెద్దలు వచ్చి నూనె రాసి ప్రార్థన చేశారు. డాక్టర్లని కూడా ఆ దేవుడే పుట్టించాడయ్యా అని పాస్టరుగారు గడ్డం పట్టుకున్నంత పని చేశాడు. ససేమిరా. ఇచ్చిన ఒళ్ళు ఇచ్చినట్టు అప్పజెబుతాను, ముక్కలు చేసి పంపను, అంతే. నువ్వొస్తే తప్ప లాభం లేదమ్మా, నీ మాటంటే ఆయనకి గురి, అని వదిన ఫోను చేసింది. గురి ఏపాటిదో తెలిసినా ఆమె వచ్చింది. మంచం పక్కన కూర్చుని తనకి వచ్చినదంతా చెప్పింది. మట్టితో మనిషిని చేసినవాడికి ఒక చెయ్యి లెక్కా అంది. లేచే ఒళ్ళు ఈ ఒళ్ళు కాదన్నయ్యా, అది మన మాటల్లో ఇమడక పోలికగా చెప్పారు అంది. అన్నయ్య అంతా విని, ఉబ్బిన చేతిని దుప్పటి కిందనుంచి తీసి ఆమె ముందు పెట్టాడు.

"అదీ పోలికే అంటావు, ఇదీ పోలికే అంటావు. మరి ఇది కూడా పోలికేనా అమ్మడూ?"

చర్మం బిగిసి మెరుస్తోంది, వేళ్ళు సరిగ్గా ముడవడం లేదు, గోళ్ళ సందుల్లో ఎప్పటిదో వార్నిష్. ఇంకో నెల ఇలాగే కూర్చుంటే ఈ మనిషి ఉండడు అని మొదటిసారి ఒంట్లో తెలిసింది ఆమెకి, చదువులో తెలియడం కాదు. అప్పుడు దిండు పక్కనున్న గ్రంథం అందుకుంది. ఆ పేజీ ఆమెకి వెతకనక్కర్లేదు. కుడిచెయ్యి నీ చేత తప్పు చేయిస్తే దాన్ని నరికి పారెయ్యి, ఒళ్ళంతా నాశనంలో పడడంకంటే ఒక అవయవం పోవడం మేలు అని ఉన్న చోటు. దాని మీద ఏటా ఒక రోజంతా పాఠం చెబుతుంది. ఇది ప్రేమ పట్టలేక గట్టిగా చెప్పిన మాట, దీన్ని ఉన్నదున్నట్టు తీసుకుంటే మన మందిరాల్లో చప్పట్లు కొట్టడానికి చేతులు మిగలవు అనగానే తరగతి గొల్లుమంటుంది. ఆ మాటనే, ఆ మనిషే, ఒక్క వివరణ లేకుండా, పిల్లకి మందు పట్టినట్టు మెల్లగా చదివింది.

"ఇది నువ్వేనా చదివేది?" అన్నాడు అన్నయ్య.

"నేనే."

"రాసి ఉన్నట్టేనా?"

"రాసి ఉన్నట్టే అన్నయ్యా."

చాలాసేపు చేతివంకే చూశాడు, ఆమె వంక చూడలేదు. తర్వాత, సరే, డాక్టరుకి చెప్పు, అన్నాడు. ఆమె బయటికి వచ్చి వదినని పట్టుకుని ఏడ్చింది, సంతోషంతోనే. ఇన్నేళ్ళ చదువూ తుంగలో తొక్కితేనేం, మనిషి దక్కుతాడు, దేవుడు అర్థం చేసుకుంటాడు, తరగతిలో పిల్లలకి చెప్పకపోతే సరి అనుకుంది. మర్నాటినుంచి అన్నయ్య నొప్పి మాత్రలు మింగుతూ కొట్లో కూర్చుని ఈ పెట్టె చేశాడు. టేపు ముట్టుకోలేదట, చేతిని చెక్క మీద పరిచి, మోచేతి దగ్గర ఒకటీ నడిమివేలి కొస దగ్గర ఒకటీ ఎడంచేత్తో గీత గీసుకున్నాడట, ఉబ్బిన మణికట్టు కోసం ఒక పక్క కాస్త ఎక్కువ వదిలాడట. లోపలి కొలత సరిగ్గా ఒక మూర. సంతకం కూడా ఆ చేత్తోనే పెట్టాడు, పొద్దున, కలం నిలవకపోతే పిడికిట్లో పట్టుకుని.

అక్కడితో అయిపోయి ఉంటే ఆమె ఇప్పుడు వదినలా కళ్ళు మూసుకుని కూర్చోగలిగేది. అక్కడితో అయిపోలేదు. ఇందాక ఆపరేషను గది తలుపుల దగ్గర స్ట్రెచరు బండి ఆపి కాగితాలేవో చూసుకుంటుంటే అన్నయ్య ఎడంచేత్తో ఆమె కొంగు పట్టుకుని లాగాడు. వంగింది. భయపడుతున్నాడేమో, ధైర్యం చెప్పాలి అనుకుంటూ వంగింది. "నిన్ను కొట్టిన చెయ్యే కదమ్మడూ ఇది," అన్నాడు. "ఎప్పుడంటావా అని చూశాను. ఇన్నాళ్ళకి అన్నావు. మంచిదైంది." అంతలో బండి కదిలింది, కొంగు జారింది, తలుపులు రెండూ ఊగి ఊగి ఆగాయి. అప్పట్నుంచీ ఆమె గుండెలో ఆ తలుపులు ఊగుతూనే ఉన్నాయి. తను బతకాలని చదివిందనుకోలేదు అన్నయ్య. శిక్ష చదివిందనుకున్నాడు. చెల్లెలు ఇన్నేళ్ళు మనసులో దాచుకుని, దాచుకుని, చివరికి వాక్యం తెరిచి తప్పు చేసిన చేతిని చూపించిందనుకున్నాడు, తల వంచి ఒప్పుకున్నాడు. ఇప్పుడు లోపల వాళ్ళు ఏ రంపంతో కోస్తున్నారో గాని, ఆ రంపాన్ని చేతికిచ్చింది తనే.

కొట్టిన మాట నిజమే. ఎవరూ కాదనలేదు. ఆమెకి పందొమ్మిదో ఇరవయ్యో, కళాశాలలో మొదటి ఏడు అయి సెలవులకి వచ్చింది, తెలివి తలకెక్కి దిగనంటోంది. అన్నయ్య మందిరంలో పిల్లలకోసం జలప్రళయం నాటి ఓడ బొమ్మ చేస్తున్నాడు, గ్రంథంలో ఇన్ని మూరల పొడవు, ఇన్ని మూరల ఎత్తు అని ఉంటే ఆ లెక్కన తగ్గించుకుంటూ, బల్ల మీద మోచెయ్యి ఆనించి కొలుచుకుంటున్నాడు, పెదవుల మధ్య పెన్సిలు. చుట్టూ సంఘం పిల్లలు, వాళ్ళ అమ్మలు, కొత్తపెళ్ళికూతురు వదిన. ఎవరి మూర అన్నయ్యా అంది ఆమె. నీదా, ఆ ఓడ కట్టినాయనదా? ఆయన మోచెయ్యి నువ్వు చూశావా? అందరూ నవ్వారు. అన్నయ్య కూడా నవ్వాడు, అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. ఆగలేదు. ఓడా లేదు, వానా లేదు, అదంతా ఒక కథ, పిల్లలకి అబద్ధాలు నేర్పకు, అంది. నాన్న పోయాక అరచేతిలో పెట్టుకుని పెంచినవాడు, ఆమె చదువుకోవాలంటే తన చదువు మానేసి రంపం పట్టినవాడు, లేచి ఒక్కటి ఇచ్చాడు. ఎడమ చెంప మీద, అందరి ముందూ.

ఈ కథ ఆమె తరగతిలో ఏటా చెబుతుంది. మా అన్నయ్య మూర ఎంతుంటుందో నా చెంపకి తెలుసర్రా అంటుంది. మరి రెండో చెంప తిప్పారా మేడం అని ప్రతి ఏడూ ఎవడో ఒకడు అడుగుతాడు, లేదు నాయనా, వీపు తిప్పాను అంటుంది, మళ్ళీ నవ్వులు. ఎంత బాగా చెబుతుందని. ఎక్కడ ఆగాలో, ఎక్కడ కనుబొమ్మ ఎత్తాలో అన్నీ కుదిరాయి. అక్షరాన్ని పట్టుకు వేలాడేవాళ్ళకి కోపమెందుకొస్తుంది అన్న పాఠానికి అదొక ఉదాహరణ. ఉదాహరణ అంటే ఇక అందులో చెంప లేదు. చెయ్యి లేదు. వీపు తిప్పిన మాట నిజమని కూడా ఎవరికీ పట్టలేదు, ఆమెకే పట్టలేదు. ఆ మర్నాడే పెట్టె సర్దుకుని హాస్టలుకి వెళ్ళిపోయింది, మళ్ళీ ఆ ఇంట్లో చుట్టంలా తప్ప ఉండలేదు. పెళ్ళిళ్ళకీ చావులకీ వచ్చేది, పూటకి మించి నిలిచేది కాదు. మిగతాదంతా ఆదివారం ఫోను. ఆ ఫోను కూడా ఎప్పుడూ కుడిచెవి దగ్గరే. అలవాటు అనుకుంది. చెవి డాక్టరు ఒకసారి లైటు వేసి చూసి, ఎడమ చెవి పొర ఎప్పుడో చిరిగి మానిందే, దెబ్బేమైనా తగిలిందా అంటే, చిన్నప్పుడు పడ్డానేమో అంది. ఏమో అట. ఎంత సుళువుగా వచ్చింది ఆ మాట. ఆ వారమంతా చెవిలో పురుగు దూరినట్టు రొద, తలగడలో ముఖం దాచుకుని ఏడ్చిన ఏడుపు, అన్నయ్య నన్ను కొట్టాడు, అందరిలో కొట్టాడు, అన్నయ్య, ఎవరు కొట్టినా అడ్డం పడే అన్నయ్య. అదంతా ఎక్కడికి పోయింది? పోలేదు. దానికి ఒక అర్థం చెప్పేసి, ఆ అర్థాన్ని పట్టుకుని, అసలుదాన్ని అటకెక్కించింది. గ్రంథానికి చేసినట్టే తన చెంపకీ చేసుకుంది.

అయితే అన్నయ్య తప్పు చదివాడా, సరిగ్గా చదివాడా? ఆమె పెట్టె మీద వేళ్ళు పరిచి చూసుకుంది. మంచం పక్కన కూర్చుని గ్రంథం అందుకున్నప్పుడు బతకాలనే చదివింది, ఆ మాట మీద ఒట్టు వేయగలదు. కానీ వెయ్యి వాక్యాలుండగా అదే ఎందుకు వేలికి తగిలింది? చెయ్యి జబ్బుది కాబట్టి. అంతేనా? అంతే అయ్యుండాలి. ఆమెకి ఏడుపు వచ్చింది, ఎదుటి పెద్దాయన పేపరు ఇంకాస్త పైకి ఎత్తాడు. ఆ చెయ్యి కొట్టింది ఒక్కసారి. రంపపుపొట్టు నేల మీద పరిచి ఆమె వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించింది ఆ చెయ్యే, తుమ్మితే అక్షరాలన్నీ ఎగిరిపోయేవి, మళ్ళీ పరిచేవాడు. వరదొచ్చిన వీధిలో నడుం చుట్టూ పట్టుకుని బడికి దాటించింది ఆ చెయ్యే. ఇప్పటికీ ఆమె రాసుకునే బల్ల ఆ చేత్తో చేసిందే, సొరుగు ఒక్కటి కాస్త బిగుతు, లాగేటప్పుడల్లా అన్నయ్యని తిట్టుకుంటుంది. జనం ఎన్ని అంటారు. చెయ్యి తిరిగిన పనివాడంటారు, చెయ్యి చేసుకున్నాడంటారు, చేతులు కడుక్కున్నాడంటారు, చెయ్యిచ్చాడంటారు, ఇందులో ఎక్కడా చెయ్యి ఉండదు, మాటే ఉంటుంది. ఇవాళ మాత్రం చెయ్యి అంటే చెయ్యే.

వదిన పెదవులు ఆగాయి. నిద్ర అనుకుంది ఆమె, కాదు, కళ్ళు తెరిచి చూస్తోంది. తలుపు దగ్గర ఆయన ఏమన్నాడు అని అడిగింది. దాచడానికి ఓపిక లేక చెప్పేసింది ఆమె. వదిన ఆశ్చర్యపోలేదు. ఆ రోజు తర్వాత ఆయన ఇంకెవరి మీదా చెయ్యెత్తలేదమ్మా అంది. పిల్లలు ఇల్లు పీకి పందిరేసినా లేచి కొట్లోకి పోయేవాడట, కర్ర కోసుకుంటూ కూర్చునేవాడట. పిల్లల ఓడ కూడా పూర్తి చేయలేదు, అటక మీదే ఉంది, పైకప్పు లేకుండా. మరి నాకెప్పుడూ ఒక్క మాట అనలేదేం వదినా, అంది ఆమె. నువ్వెప్పుడూ నవ్వుతూనే మాట్లాడేదానివి కదా, ఆ మాట ఎక్కడ ఎత్తాలో తెలియలేదేమో, అంది వదిన, మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఆమెకి బెంచీ మీదనుంచి లేచి ఆ తలుపులు తోసుకుని పోయి, ఆపండి, నేను చదివింది అది కాదు, అతను విన్నది అది కాదు, మా ఇద్దరికీ ఇంకో మాట మిగిలి ఉంది అని అరవాలనిపించింది. ఆపితే అన్నయ్య చచ్చిపోతాడు. కూర్చునే ఉంది.

తలుపు తెరుచుకుని సిస్టరు వచ్చింది, బాగానే అయింది, కంగారేం లేదు అంటూ. పరీక్షకి కావలసింది వాళ్ళు తీసుకున్నారట, మిగిలింది ఇస్తారట, పెట్టె ఏదీ అని అడిగింది. ఆమె ఇచ్చింది. ఒళ్ళు ఒక్కసారి ఖాళీ అయిపోయి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాసేపటికి పెట్టె తిరిగి వచ్చింది, గుడ్డ చుట్టి, తాడు కట్టి. అందుకునేటప్పుడు బరువుకి చేతులు కాస్త కిందికి దిగాయి. సరిగ్గా పట్టింది, అంది సిస్టరు, మెచ్చుకుంటున్నట్టు. ఎవరి మూర అని అడిగింది ఒకప్పుడు నలుగురిలో నిలబడి, పెద్ద తెలివైనదానిలా. ఇదిగో, ఇది అన్నయ్య మూర, ఇంకెవరిదీ కాదు. పెట్టెని గుండెకి ఆనించుకుని, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, వదిన వెనక నడిచింది.

అన్నయ్య ముఖం చిన్నదైపోయింది. భుజం మీదినుంచి కట్టు, కట్టు అయిపోయిన చోట దుప్పటి సాపుగా పరుచుకుని ఉంది. ఆమె పెట్టెని మంచం కింద, కాలికి తగలకుండా పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది. అన్నయ్య కళ్ళు సగం తెరిచి ఏదో అన్నాడు. వినపడలేదు. తల తిప్పి కుడిచెవి అతని నోటి దగ్గర పెట్టింది. ఆ తిప్పడం అన్నయ్య చూశాడు.

"ఎడమ చెవేనా?" అన్నాడు.

"ఊఁ."

"బాగా నొప్పి పెట్టిందా?"

జవాబులన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఎప్పటి మాట అన్నయ్యా. నేనెప్పుడో మరిచిపోయాను. నువ్వు కొట్టింది నన్ను కాదు, నా పొగరుని. ఒకదానికంటే ఒకటి బాగున్నాయి, ఏది చెప్పినా తరగతిలో పనికొస్తుంది.

"పెట్టిందన్నయ్యా," అంది. "చాలా నొప్పి పెట్టింది."

అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. రెప్పల కిందనుంచి నీళ్ళు చెవుల వైపు జారాయి. నాకు తెలుసు అన్నాడు, ఎన్నాళ్ళుగానో మోస్తున్నది ఎవరో అందుకున్నట్టు పెద్దగా ఊపిరి వదిలాడు. వదిన కొంగుతో ఆ నీళ్ళు తుడిచింది.

"కానీ నేను అది చదివింది అందుకు కాదు. నువ్వు బతకాలని చదివాను," అంది ఆమె.

"రెండూ అయ్యుంటాయిలే," అన్నాడు అన్నయ్య. ఒక మాటకి రెండు అర్థాలు ఒప్పుకోవడం అతను పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు, ఇంకో రోజైతే ఆమె ఎగిరి గంతేసేది. ఇవాళ నోరు నొక్కుకుని ఏడ్చింది. అన్నయ్య మత్తులోకి జారుతూ జారుతూ మళ్ళీ కళ్ళు తెరిచాడు, ఇబ్బందిగా కదిలాడు.

"అమ్మడూ, వేళ్ళు దురద పెడుతున్నాయి."

"ఏ చెయ్యి అన్నయ్యా?"

"కుడిదే."

వదిన ముఖం అటు తిప్పుకుంది. ఆమె సాపుగా ఉన్న దుప్పటి వంక చూసింది. అది అక్కడ లేదు, అలా అనిపిస్తుంది అంతే, అని చెప్పొచ్చు. జీవితమంతా చెప్పిన పాఠమే. చెప్పలేదు. కట్టు అయిపోయిన చోటునుంచి చూపుతో ఒక మూర కొలుచుకుని, అక్కడ, ఉత్త దుప్పటి మీద, గోళ్ళతో మెల్లగా గోకింది.

"ఇక్కడా?"

"ఇంకొంచెం కిందికి," అన్నాడు అన్నయ్య.

ఇంకొంచెం కిందికి జరిపింది.